రిలీవింగ్ ఆర్డర్ చేతికిచ్చాక అడగాల్సిన మాటలు

ప్రభుత్వ కార్యాలయంలో ఎవరైనా రాజీనామా చేస్తే మనం చేసేవన్నీ కాగితం పనులే. రాజీనామా ఆమోదం, నో డ్యూస్ (బాకీలేమీ లేవన్న కాగితం), గుర్తింపు కార్డు వాపసు, సర్వీస్ రిజిస్టర్‌లో ఎంట్రీ, చివరి జీతం లెక్క. కొన్ని శాఖల్లో వీటికి తోడు ఎగ్జిట్ ఇంటర్వ్యూ ఫారం అని ఇంకో కాగితం కూడా ఉంటుంది. అందులో ‘రాజీనామాకు కారణం’ అని ఒక గడి, దాని కింద నాలుగైదు ఆప్షన్లు. టిక్కు పెట్టి సంతకం చేస్తే అయిపోయినట్టే. నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ఉన్నన్నాళ్ళూ నా టేబుల్ మీదికొచ్చిన ఫారాల్లో టిక్కు ఎక్కువగా పడింది ‘వ్యక్తిగత కారణాలు’ దగ్గరే. ఆ టిక్కుతో ఎవరికీ ఇబ్బంది ఉండదు. తెలిసేదీ ఏమీ ఉండదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వెళ్ళే మనిషిని ఆపడానికి ఎగ్జిట్ ఇంటర్వ్యూ పనికిరాదు. అప్పటికే ఆలస్యమైపోయింది. అది పక్క సీట్లో ఇంకా కూర్చుని ఉన్నవాళ్ళ కోసం. ప్రైవేటు కంపెనీలో అయితే ‘జీతం పెంచుతాం, ఆగండి’ అనొచ్చు. మనకి ఆ వీలు లేదు, పే స్కేలు సెక్షన్ అధికారి చేతిలో ఉండదు కదా. అందుకని మనం వెతకాల్సింది మన చేతిలో ఉన్న కారణాల్ని. వెతికితే అవి అనుకున్నదానికంటే ఎక్కువే దొరుకుతాయి.

‘సర్కారు ఉద్యోగం ఎవరు వదులుకుంటారండీ’ అనే ధీమా ఇంకా చాలామంది పై అధికారుల్లో ఉంది. మధ్యలో మానేస్తే పెన్షన్ పోతుందన్న భయం ఉన్న రోజుల్లో ఆ ధీమాకి అర్థం ఉండేది. అమెరికాలో ఫెడరల్ ఉద్యోగులకి 1987లో అమల్లోకి వచ్చిన రిటైర్మెంట్ పద్ధతిలో పొదుపు ఖాతా సొమ్ము ఉద్యోగితో పాటే పోతుంది. ఇండియాలో 2004 జనవరి 1 నుంచి చేరిన కేంద్ర ఉద్యోగులకి, సాయుధ దళాలు మినహా, వచ్చిన ఎన్‌పీఎస్ (నేషనల్ పెన్షన్ సిస్టమ్) ఖాతా కూడా అంతే, ఉద్యోగం మారినా ఆ మనిషి పేరు మీదే నడుస్తుంది. ఇదివరకు కాళ్ళకు అడ్డం పడిన పెన్షన్ ఇప్పుడు అంతగా పడటం లేదు. మనుషులు ఉండాలంటే వేరే కారణం ఏదో కనబడాలి.

ముందు లెక్క సరిచేసుకోండి

ఇంటర్వ్యూల జోలికి పోయే ముందు ఎవరెవరు వెళ్ళారో ఒక్క చోట రాసుకోండి. రాజీనామాలు మాత్రమే రాస్తే సగం కథ జారిపోతుంది. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నవాళ్ళు, పోటీ పరీక్ష రాసి వేరే శాఖకి పోయినవాళ్ళు, డెప్యుటేషన్ మీద వెళ్ళి గడువు పొడిగించుకుంటూ తిరిగి రానివాళ్ళు, ప్రొబేషన్ పూర్తి కాకుండానే వదిలేసినవాళ్ళు, నియామక ఉత్తర్వు అందుకుని అసలు చేరనే చేరనివాళ్ళు, అందరూ అందులో ఉండాలి. ఔట్‌సోర్సింగ్ సిబ్బందినీ మరవొద్దు. వాళ్ళ పేర్లు మన రిజిస్టర్‌లో ఉండవు గానీ, డేటా ఎంట్రీ ఆపరేటర్ మానేసిన రోజు ఆఫీసులో ఏం ఆగిపోతుందో అందరికీ తెలుసు.

వెళ్ళినవాళ్ళ శాతం కట్టేటప్పుడు మన దగ్గర ఒక తిరకాసు ఉంది. ఉదాహరణకి ఒక కార్యాలయంలో మంజూరైన పోస్టులు 40, ఏడాది మొదట్లో పనిచేస్తున్నది 30 మంది. ఏడాదిలో ఆరుగురు వెళ్ళారు, ఇద్దరు కొత్తగా చేరారు, చివరికి 26 మంది మిగిలారు. 6ని 40తో భాగిస్తే 15 శాతం. రిపోర్టులో అది పెద్ద విషయంలా కనబడదు. కానీ నిజంగా కుర్చీల్లో ఉన్నది సగటున 28 మంది. దాంతో భాగిస్తే 21 శాతం దాటుతుంది. ఖాళీ కుర్చీలు రాజీనామా చెయ్యవు కాబట్టి వాటిని లెక్కలో కలపకూడదు. ఎప్పుడైనా పనిచేస్తున్నవాళ్ళ సంఖ్యతోనే భాగించండి.

ఆ తర్వాత సర్వీసును బట్టి విడదీయండి. చేరిన రెండేళ్ళలోపు వెళ్ళేవాళ్ళ కారణాలు ఒక రకం, పదేళ్ళు చేసి వెళ్ళేవాళ్ళవి ఇంకో రకం. రెండూ కలిపి సగటు తీస్తే ఎవరి సంగతీ తెలియదు.

ఎప్పుడు, ఎవరు

ఈ వ్యాసంలో ఒక్క సలహానే పాటిస్తానంటే ఇది పాటించండి: రిలీవింగ్ ఆర్డర్ చేతికి ఇచ్చాకే ఇంటర్వ్యూ చెయ్యండి.

వెళ్ళేవాళ్ళు ఎందుకు నోరు విప్పరో ఆలోచిస్తే ఇది తెలుస్తుంది. నో డ్యూస్ మీద ఇంకా రెండు సంతకాలు పడాలి. సెలవుల బకాయి బిల్లు పాస్ కావాలి. సర్వీస్ రిజిస్టర్ కొత్త ఆఫీసుకి పంపాలి. కొత్త ఉద్యోగం నచ్చకపోతే లియన్ (పాత పోస్టు మీద మిగిలి ఉండే హక్కు) మీద వెనక్కి రావాల్సి రావచ్చు. ఇవన్నీ ఏ అధికారి చేతిలో ఉన్నాయో ఆ అధికారి గురించి నిజం చెప్పమంటే ఎవరు చెబుతారు? ఎగ్జిట్ ఇంటర్వ్యూ ఫారం నింపితేనే నో డ్యూస్ ఇస్తాం అనే నిబంధన కొన్ని చోట్ల ఉంటుంది. దానివల్ల ఫారాలు నూటికి నూరు శాతం వస్తాయి, ఒక్క దాంట్లోనూ నిజం ఉండదు. ఆ నిబంధన తీసేయించండి. ఫారాలు తక్కువే వస్తాయి, రానివ్వండి.

ఇంటర్వ్యూ చేసే మనిషి ఆ ఉద్యోగి పై అధికారి కాకూడదు, పై అధికారికి ఆంతరంగికులుగా పేరున్నవాళ్ళూ కాకూడదు. విజిలెన్స్ పని చూసేవాళ్ళని అసలే కూర్చోబెట్టొద్దు, అది వాంగ్మూలం ఇచ్చినట్టుంటుంది. వేరే సెక్షన్‌లో దాదాపు అదే హోదాలో ఉండి, వినే ఓపిక ఉన్నవాళ్ళు సరిపోతారు. చిన్న ఆఫీసైతే పక్క కార్యాలయం నుంచి పిలిపించుకోండి. ఎదురుగా ఒక్కరే ఉండాలి. పక్కన ఇంకొకరు కూర్చుని రాసుకుంటుంటే మాట బిగుసుకుపోతుంది.

వీలైతే నాలుగైదు నెలల తర్వాత ఇంకోసారి ఫోన్ చెయ్యండి. కొత్త చోట కుదురుకున్నాక కోపం తగ్గుతుంది, పోల్చి చూసుకునే అవకాశమూ దొరుకుతుంది. ‘అక్కడ ఫైలు వెనక్కొస్తే ఎందుకో తెలిసేది కాదు, ఇక్కడ తెలుస్తోంది’ లాంటి మాట ఆ రెండో ఫోన్‌లోనే వస్తుంది.

గోప్యత గురించి ఎంత చెప్పాలో అంతే

‘మీరు చెప్పింది నాలుగు గోడలు దాటదు’ అని మాటివ్వకండి. ఆ మాట నిలబెట్టుకోవడం మన వల్ల కాదు. మనం రాసింది ప్రభుత్వ రికార్డు అవుతుంది. ఇండియాలో 2005 సమాచార హక్కు చట్టం ఉంది, అమెరికాలో 1966 నాటి చట్టం ఉంది, బ్రిటన్‌లో 2000లో చేసినది ఉంది. వ్యక్తిగత సమాచారానికి మినహాయింపులు ఉన్నా, రేపు కోర్టు అడిగితే ఇవ్వాల్సిందే.

నేను కూర్చోగానే చెప్పే మాటలు ఇవీ: “మీ పేరుతో ఏదీ పైకి పంపను. నలుగురైదుగురు చెప్పింది కలిపి, ఎవరిదో తెలియకుండా రాస్తాను. కానీ లైంగిక వేధింపు గురించో లంచం గురించో చెబితే మాత్రం దాన్ని సంబంధిత కమిటీకి చెప్పాల్సిన బాధ్యత నాకుంది. ఆ విషయం ముందే తెలిసి మాట్లాడండి.” ఇలా చెప్తే భయపడతారేమో అనిపిస్తుంది. నేను చూసినంతవరకు జరిగేది తిరగబడి ఉంటుంది. హద్దు ఎక్కడుందో తెలిస్తే మనిషి కాస్త నిమ్మళంగా మాట్లాడతాడు.

సెక్షన్‌లో ముగ్గురే ఉండి ఒకరు వెళ్తే, ఆ సెక్షన్ పేరు రిపోర్టులో రాయడమంటే ఆ మనిషి పేరు రాయడమే. అలాంటివి పెద్ద విభాగంలో కలిపెయ్యండి.

మాట ఎలా కదిలించాలి

‘ఎందుకు వెళ్తున్నారు?’ అని అడిగితే రాజీనామా లేఖలో రాసిందే చదువుతారు. జరిగిన సంఘటన అడగాలి, అభిప్రాయం కాదు. అమెరికాలో ఫ్రెడరిక్ హెర్జ్‌బెర్గ్ బృందం ఇంజినీర్లనీ అకౌంటెంట్లనీ అడిగింది కూడా ఇలాగే. ఉద్యోగం గురించి మీ అభిప్రాయమేంటి అనకుండా, పనిలో మీకు బాగా సంతోషం కలిగిన సందర్భం చెప్పండి, బాగా బాధ కలిగిన సందర్భం చెప్పండి అన్నారు. 1959లో వెలువడిన ఆ ఫలితాల్లో తేలింది ఏమిటంటే, విసుగెత్తించేవి ఒకటి, ఉత్సాహాన్నిచ్చేవి వేరొకటి. కార్యాలయ విధానాలు, పై అధికారి తీరు, జీతం లాంటివి చెడితే మనిషి విసిగిపోతాడు. అవి బాగున్నంత మాత్రాన ఉత్సాహం రాదు. ఉత్సాహమనేది చేసిన పనికి గుర్తింపు, బాధ్యత, పనిలోని విషయం నుంచి వస్తుంది. రెండింటి గురించీ అడగాలి.

ఒక జూనియర్ అకౌంటెంట్‌తో మాట్లాడిన మాటలు గుర్తున్నంతవరకు రాస్తాను. రిలీవింగ్ ఆర్డర్ అప్పటికే అతని ఫోల్డర్‌లో ఉంది.

“వదిలేద్దామని మొట్టమొదట ఎప్పుడనిపించింది?”

“అలా ఏం లేదు మేడమ్. ఇంటి దగ్గర కొంచెం ఇబ్బందులు.”

నేనేమీ అనలేదు. ఫోల్డర్ తాడు విప్పి మళ్ళీ కట్టాడు.

“మార్చిలో అనుకుంటా మేడమ్. బిల్లు ఒకటి మూడుసార్లు వెనక్కొచ్చింది.”

“ఏమని రాసి పంపారు?”

“‘మాట్లాడండి’ అని. మూడుసార్లూ అదే. మాట్లాడదామని వెళ్తే మీటింగ్ అనేవారు. సాయంత్రం దాకా బయట బెంచీ మీద కూర్చునేవాణ్ణి. మూడోసారి ఆ బెంచీ మీద కూర్చునే ఫోన్లో వేరే నోటిఫికేషన్‌కి అప్లై చేసేశా.”

ఇక్కడ జీతం ఊసే లేదు. ఇంటి ఇబ్బందులూ ఉండే ఉంటాయి, కాదనను. కానీ అతన్ని లేపింది ఆ బెంచీ. థామస్ లీ, టెరెన్స్ మిచెల్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో చెప్పింది ఇదే. ఉద్యోగం వదిలేవాళ్ళంతా అసంతృప్తి కొంచెం కొంచెంగా పేరుకునే వదలరు, చాలాసార్లు ఏదో ఒక కుదుపు వచ్చి, అప్పుడు మొదటిసారిగా ఆలోచన మొదలవుతుంది. ఆ కుదుపు ఏమిటో పట్టుకోవడమే మన పని.

మౌనాన్ని భరించడం నేర్చుకోవాలి. మొదట చెప్పేది మర్యాద జవాబు. అది అయ్యాక మనం నోరు మూసుకుని ఉంటే రెండోది వస్తుంది. మన ఆఫీసుల్లో ఎవరికీ ఇది అలవాటు లేదు. ‘అవును గానీ రూల్స్ ఒప్పుకోవు కదా’ అని సమర్థించడం మొదలెడతాం. అన్నామా, మాట అక్కడితో సరి.

నేను అడిగే మిగతా ప్రశ్నలు కొన్ని:

చేరినప్పుడు ఈ ఉద్యోగం ఎలా ఉంటుందనుకున్నారు, తేడా ఎక్కడ కొట్టింది?

జీతం పక్కన పెడితే, ఏ ఒక్కటి మారి ఉంటే ఇంకో ఏడాది ఉండేవారు?

మీ పనివల్ల ఎవరికైనా మేలు జరగడం కళ్ళారా చూసింది ఎప్పుడు?

మీ సీట్లోకి వచ్చేవాళ్ళకి మొదటి వారంలో చెవిలో ఏం చెబుతారు?

మూడో ప్రశ్న వింతగా ఉంటుంది గానీ ప్రభుత్వంలో అది ముఖ్యం. జేమ్స్ పెర్రీ, లోయిస్ వైజ్ 1990లో రాసినట్టు, కొందరు ప్రజాసేవ మీద మొగ్గుతోనే ఈ ఉద్యోగాల్లోకి వస్తారు. అలాంటివాళ్ళని దరఖాస్తుల దుమ్ములో కూర్చోబెట్టి, దరఖాస్తు పెట్టుకున్న మనిషి మొహం ఏడాది పొడుగునా కనబడకుండా చేస్తే, వాళ్ళు వచ్చిన కారణమే ఉండదు. ‘గుర్తులేదు మేడమ్’ అనే జవాబు ఒకే సెక్షన్ నుంచి పదే పదే వస్తే ఆ సెక్షన్‌లో పని పంపకం చూడాలి.

నాలుగో ప్రశ్న అందరికీ నచ్చుతుంది. వెళ్ళిపోయే మనిషి తన గురించి చెప్పడానికి వెనకాడతాడు, రాబోయే మనిషికి జాగ్రత్తలు చెప్పడానికి వెనకాడడు. రిటైర్ అయ్యేవాళ్ళనీ ఇదే అడగండి. వాళ్ళు ఎలాగూ ఆగరు గానీ, ఏ రిజిస్టర్ ఎక్కడుందో, ఏ పాత కేసు ఎందుకు నానుతోందో వాళ్ళకే తెలుసు.

వాళ్ళ మాటల్లోనే రాసుకోండి

ఇక్కడే చాలా ఇంటర్వ్యూలు చచ్చిపోతాయి. అకౌంటెంట్ చెప్పింది విని, మనం నోట్‌లో ‘పర్యవేక్షణ స్థాయిలో సమన్వయ లోపం గమనించబడినది’ అని రాస్తాం. అది చదివి ఏ అధికారి ఏం చెయ్యగలరు? సమన్వయ సమావేశం పెట్టమని సర్క్యులర్ ఇస్తారు. అదే ‘ఫైలు మీద మాట్లాడండి అని మాత్రమే రాసి వెనక్కి పంపుతున్నారు, వెళ్తే కలవడం కుదరడం లేదు’ అని రాస్తే చెయ్యాల్సింది వెంటనే తెలుస్తుంది: ఫైలు వెనక్కి పంపితే కారణం ఒక్క వాక్యంలో రాయాలి, రోజులో ఒక గంట ఫైళ్ళ మీద మాట్లాడటానికి కేటాయించాలి. రెండింటికీ బడ్జెట్ అక్కర్లేదు.

ఫైళ్ళ భాష పదేళ్ళు రాసినవాళ్ళకి చెయ్యి దానంతట అదే అటు పోతుంది. మాట్లాడిన గంటలోపే, ఆ మనిషి గొంతు చెవిలో ఉండగానే రాసెయ్యండి.

రాసినదాన్ని ఏం చెయ్యాలి

ఆరు నెలలకోసారి ఒక్క పేజీ చాలు. కారణాల్ని అవి ఎవరి చేతిలో ఉన్నాయన్నదాన్ని బట్టి విడదీయండి. మొదటి వరుసలో సెక్షన్ అధికారి ఈ వారంలోనే మార్చగలిగేవి: పని పంపకం, సెలవు దరఖాస్తు మీద రెండు రోజుల్లో జవాబు, కొత్తగా చేరినవాళ్ళకి సీటు అప్పగించే ముందు నాలుగు రోజులు పక్కన కూర్చుని చూసే వీలు. రెండో వరుసలో శాఖాధిపతి సర్క్యులర్‌తో అయ్యేవి: బదిలీల గురించి ముందుగా తెలియజెయ్యడం, శాఖాపరమైన పరీక్షకి సెలవు, అదనపు బాధ్యతలకి గడువు. మూడో వరుసలో ప్రభుత్వ ఉత్తర్వు కావాల్సినవి: స్కేలు, కొత్త పోస్టులు, పదోన్నతి నిబంధనలు.

చర్చంతా మూడో వరుస మీదికే పోతుంది. పోనివ్వకండి. పోస్టులు మంజూరు చెయ్యమని రాసిన లేఖకి జవాబొచ్చేలోగా, మొదటి వరుసలోవి ఎన్ని చేశారో అడగండి. పేజీ చివర గత ఆరు నెలల్లో ఏం మారిందో తప్పకుండా రాయండి. ఏమీ మారకపోతే ‘ఏమీ మారలేదు’ అనే రాయండి. ఆ వాక్యం రెండుసార్లు వరసగా పైకి వెళ్తే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.

ఒకే అధికారి పేరు మళ్ళీ మళ్ళీ వస్తుంటే? దాన్ని ఆ పేజీలో పెట్టకూడదు. అది ఆరోపణ అయిపోతుంది, విచారణ కోరతారు, ఇక ఎవరూ మనతో మాట్లాడరు. ఆ అధికారికి పైనున్నవాళ్ళతో ముఖాముఖి చెప్పండి, తేదీలూ పేర్లూ లేకుండా, తీరు మాత్రమే. చాలామంది అలాంటి అధికారులు చెడ్డవాళ్ళు కారు. రెండు సీట్ల పని ఒక్కరే చేస్తూ, ఎవరి మీదో విసుక్కుంటున్నవాళ్ళు. అదనపు బాధ్యత ఒకటి తగ్గిస్తే తీరే సంగతి విచారణ దాకా పోనవసరం లేదు. అదే అవమానించడం, కులం పేరెత్తడం, వేధించడం లాంటివైతే మాత్రం ఈ మెత్తని దారి వద్దు, కమిటీకే పంపాలి.

ఇంకో మాట. వెళ్ళే ప్రతి ఒక్కరినీ నష్టంగా రాయకండి. పై చదువుకో పెద్ద పోస్టుకో వెళ్ళినవాళ్ళు మంచి కారణంతోనే వెళ్ళారు. వాళ్ళలో కొందరు తిరిగి వస్తారు కూడా. ఉండకూడనివాళ్ళు ఉండిపోవడం ప్రభుత్వంలో వేరే పెద్ద సమస్య, దానికి ఈ ఫారం మందు కాదు.

వెళ్ళకముందే అడగడం

ఇంత చేశాక అసలు ప్రశ్న వస్తుంది: ఇదంతా ఆర్నెల్ల ముందే అడిగి ఉండొచ్చు కదా? ఉండొచ్చు. బ్రిటన్‌లో 2009 నుంచి సివిల్ సర్వీసు ఉద్యోగులందరికీ ఏటా సర్వే చేస్తారు. అందులో వీలైనంత త్వరగా వెళ్ళిపోవాలనుందా, ఏడాదిలోపా, కనీసం ఏడాది ఉంటారా, కనీసం మూడేళ్ళా అని సూటిగా అడుగుతారు. అమెరికా ఫెడరల్ ఉద్యోగుల సర్వేలో 2024 దాకా, వచ్చే ఏడాదిలో వెళ్ళే ఆలోచన ఉందా అని అడిగి, ఉంటే రిటైర్ అవుతున్నారా, ప్రభుత్వంలోనే వేరే చోటికా, బయటికా అని విడదీసేవారు. ఆ విభజన మనకి బాగా పనికొస్తుంది. ప్రభుత్వంలోనే వేరే శాఖకి పోదామనుకునే మనిషి ఉద్యోగంతో కాదు, మన ఆఫీసుతో విసిగిపోయాడు.

సర్వే లేకపోయినా సెక్షన్ అధికారి చెయ్యగలిగింది ఉంది. కుదుపులు వచ్చే సమయాలు ముందే తెలుసు: చేరిన మొదటి నెల, బదిలీ ఉత్తర్వు వచ్చిన వారం, పదోన్నతి జాబితాలో పేరు లేని రోజు, ప్రసూతి సెలవు నుంచి తిరిగొచ్చినప్పుడు, బ్యాచ్‌లో స్నేహితుడు మానేసినప్పుడు. ఆ సమయాల్లో ఒక్కసారి పక్కకి పిలిచి “పని ఎలా ఉంది? మీకు అడ్డం పడుతున్నది ఒక్కటి చెప్పండి” అని అడగండి. ఒక్కటే అడగాలి. జాబితా అడిగితే జాబితానే వస్తుంది, ఏమీ చెయ్యలేక ఊరుకుంటాం.

చెప్పిన ఆ ఒక్కదాని మీద పదిహేను రోజుల్లోపు ఏదో ఒక జవాబు ఇవ్వాలి. ‘ఇది నా చేతిలో లేదు, అయినా పైకి రాశాను, ఇదిగో కాపీ’ అన్నా జవాబే. అదీ ఇవ్వలేని స్థితిలో ఉంటే, పని ఒత్తిడి వల్ల కావచ్చు, పై నుంచి సహకారం లేక కావచ్చు, ఆ నెలకి అడగడం మానుకోండి. అడిగి వదిలేసిన సెక్షన్‌లో తర్వాత ఎవరు అడిగినా వచ్చే జవాబు ‘అంతా బాగానే ఉంది మేడమ్’ అనే.